పక్కింటి మామ్మ ట్రంకు పెట్టెలు: దాచాలా, అమ్మాలా, ఇచ్చెయ్యాలా?

ఈనో_ఒడ్డు
నార్త్ కరోలినాలో హిల్స్‌బరో దగ్గర ఉంటాం. పక్కింటి మామ్మ ఇల్లు అమ్మేసి వృద్ధుల హోమ్‌కి వెళ్లిపోతోంది. వాళ్లది ఇక్కడ బాగా పాత కుటుంబం. సివిల్ వార్‌కి (1861-65 అమెరికా అంతర్యుద్ధానికి) ముందు నుంచీ పొగాకు భూములున్నవాళ్లు. భూములు ఎప్పుడో పోయాయి, అటక మీద కాగితాలు మాత్రం మిగిలాయి. రెండు ఇనప ట్రంకులు, ఒక సీడర్ చెక్క పెట్టె. ఆవిడకి పిల్లల్లేరు. మేనల్లుడు అట్లాంటా నుంచి వచ్చి, పైపైన తిరగేసి, "యుద్ధం నాటి ఉత్తరాలు, కాన్ఫెడరేట్ నోట్లు (ఆ యుద్ధంలో విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల డబ్బు) అమ్ముడుపోతాయి, మిగతాదంతా చెత్త" అని తేల్చేశాడు. ఆవిడకి మనసొప్పలేదు. ఇల్లు ఖాళీ చేసే హడావుడిలో ఎవరైనా బయట పడేస్తారేమో అని మా గరాజ్‌లో పెట్టించింది.

ఆవిడ ముందే కూర్చుని తెరిచి చూశాం. రిబ్బన్ కట్టిన ఉత్తరాల కట్టలు, పొగాకు లెక్కలు, డాక్టరు బిల్లులు, చేతిరాత వంటల పుస్తకం, కోర్టు సీలున్న కాగితాలు. ఒక లెక్కల పుస్తకంలో మాత్రం నాలుగు పేజీల నిండా మనుషుల పేర్లు. పేరు, వయసు, ఎదురుగా డాలర్లు. ఇంటిపేర్లు లేవు. పసిపిల్లలకి కూడా వెల కట్టి ఉంది. మేనల్లుడు ఆ పుస్తకం ఎవరికీ చూపించొద్దంటున్నాడు. మామ్మ ఏమీ అనడం లేదు.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇలాంటి కాగితాలు ఎలా కాపాడతారో, ఎవరికివ్వాలో నాకు బొత్తిగా తెలీదు. తెలిసినవాళ్లు చెప్పండి.

మోరిస్‌విల్_మామ
ఈనో అని చూసి ఏదో అజీర్తి సమస్యనుకుని తెరిచా

ఈనో_ఒడ్డు
నది పేరు మహాప్రభో. మా వెనకే పారుతుంది.

డల్లాస్_దొర
మేనల్లుడు అన్నదాంట్లో తప్పేముంది? సైనికుడు రాసిన ఉత్తరానికి గిరాకీ ఉంది. 1850లో ఎవరికో విరేచనాల మందిచ్చిన డాక్టరు బిల్లు ఎవరిక్కావాలి? అమ్మేవి అమ్మి, ఆ డబ్బు పెద్దావిడకిస్తే హోమ్ ఖర్చుకైనా పనికొస్తుంది.

దస్త్రాల_అక్క
ఎవరూ ఏమీ అమ్మకండి, కాసేపాగండి. నేను ఇక్కడే ఒక యూనివర్సిటీ లైబ్రరీలో ఇలాంటి కాగితాల మధ్యే పనిచేస్తాను.

ముందు పెట్టెల్ని గరాజ్‌లోంచి తీసెయ్యండి. కరోలినా ఎండాకాలంలో గరాజ్ అంటే పగలు కొలిమి, రాత్రి తేమ. కాగితానికి అన్నిటికన్నా చెరుపు ఈ ఎగుడుదిగుడే. ఇంట్లో ఏసీ ఉన్న గదిలో, నేల మీద కాకుండా, బయటి గోడకి ఆనించకుండా పెట్టండి. తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. 65 దాటితే బూజు మొదలవుతుంది. చిన్న తేమ మీటరు కొనుక్కోండి, పది పన్నెండు డాలర్లు.

సీడర్ పెట్టెలోవి మరీ త్వరగా బయటికి తియ్యండి. ఉన్ని బట్టలకి మంచిదని అందరూ అందులోనే దాస్తారు. ఆ చెక్క వదిలే ఆవిర్లు కాగితానికి పడవు. ఆమ్లం లేని అట్టపెట్టెలు, ఫోల్డర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ప్లాస్టిక్ కవర్లయితే పాలిస్టర్‌వే. ఆఫీసు సామాన్ల కొట్లో ఘాటుగా వాసనొచ్చే పీవీసీ కవర్లు వద్దు.

అన్నిటికంటే ముఖ్యం, వరస చెడగొట్టకండి. "తారీఖుల ప్రకారం సర్దేద్దాం" అని చాలామందికి చెయ్యి దురద పెడుతుంది. ఏ కట్టలో ఏది ఏ పక్కన ఉందో కూడా సమాచారమే. పాత రిబ్బన్ విప్పాల్సొస్తే విప్పే ముందు ఫోటో తీసి, ఆ కట్టంతా ఒకే ఫోల్డర్లో పెట్టండి. తుప్పు పట్టిన గుండుసూదులు, రబ్బరు బ్యాండ్లు మెల్లగా తియ్యొచ్చు. సెల్లో టేపు జోలికి పోవద్దు, ఉన్నదాన్ని పీకనూ వద్దు.

డల్లాస్ దొరగారికి: ఆ డాక్టరు బిల్లు ఎవరికి వైద్యం చేసినందుకు? చాలాసార్లు యజమాని కుటుంబానికి కాదు, వాళ్ల బానిసలకి. పేరు కూడా రాసుంటుంది. ఆ మనిషి పేరు భూమ్మీద ఇంకెక్కడా లేకపోవచ్చు.

గోదారి_గట్టు
అక్కా, లోపల పురుగులుంటే? మా అమ్మమ్మ పెట్టెలో కలరా ఉండలు వేసేది. అవే వేసెయ్యమందామా?

దస్త్రాల_అక్క
వద్దు. ఆ ఆవిరి కాగితం పీల్చుకుంటుంది, ఏళ్ల తరబడి పోదు. చదివేవాళ్ల ఊపిరితిత్తులకీ మంచిది కాదు. పురుగు కనబడితే కట్టని పాలిథిన్ సంచుల్లో రెండు పొరలుగా గట్టిగా మూసి మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్లో రెండు వారాలు పెట్టండి. తీశాక ఒక రోజు సంచి విప్పకుండా అలాగే వదిలెయ్యాలి. చల్లటి కాగితానికి గాలి తగిలితే చెమ్మ పడుతుంది.

మోరిస్‌విల్_మామ
మా ఫ్రీజర్లో ఇప్పటికే మునగాకు, గోంగూర, తాటి ముంజలు. దక్షిణాది సేనాని జనరల్ లీ ఉత్తరం ఎక్కడ పెట్టను

కరణం_మనవడు
వేపాకు, వస కొమ్ము మాట ఎవరూ ఎత్తలేదేం? మా తాటాకు గ్రంథాల మధ్య వస పెట్టేవారు. నిమ్మగడ్డి నూనె రాసేవారు. తరాల పాటు నిలిచాయి.

దస్త్రాల_అక్క
తాటాకు వేరు, కాగితం వేరు. తాటాకుకి నూనె పట్టిస్తే పెళుసెక్కదు, మసి అక్షరం తేలుతుంది. అదే నూనె కాగితానికి తగిలితే మరక, ఆపైన ఆ మరకే తినేస్తుంది. వస వాసనకి పురుగు రాదు నిజమే, కాగితానికి ఆనకుండా పెట్టుకోండి కావాలంటే. ఇక్కడి వాతావరణంలో తేమ అదుపులో ఉంటే పురుగు బెంగ సగం పోయినట్టే.

విజయవాడ_వేడి
అసలు అన్నిటికీ లామినేషన్ కొట్టించేస్తే పోలా?

కరణం_మనవడు
మా బాబాయి ఆ ఘనకార్యం చేశాడు. ముత్తాత నాటి భూమి దస్తావేజులు ఒక జిరాక్సు కొట్లో లామినేట్ చేయించుకొచ్చాడు. నాలుగేళ్లకి లోపలే గోధుమరంగు తిరిగి, సిరా అట్ట మీద అచ్చు గుద్దినట్టు పాకిపోయింది. ఇప్పుడు బయటికి రాదు, లోపలా బతకదు.

దస్త్రాల_అక్క
బాబాయిని ఏమీ అనకండి, పెద్దపెద్దవాళ్లే ఆ దారిన పోయారు. 1930లలో వర్జీనియాలో విలియం బారో అని ఒకాయన సెల్యులోజ్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్ పొరల మధ్య కాగితం పెట్టి వేడితో నొక్కే యంత్రం తయారు చేశాడు. అప్పట్లో అదే గొప్ప శాస్త్రం. అమెరికాలో ఎన్నో దస్త్రాల భవనాలు, కోర్టులు వేల కాగితాలు అలా చేయించాయి. ఇప్పుడు వాటిని రసాయనాల్లో నానబెట్టి ఒలవడం ఒక పెద్ద పని. సూత్రం ఒకటే: మళ్లీ విప్పలేని పని ఏదీ చెయ్యొద్దు.

సీమ_రాళ్ళు
150 ఏళ్ల నాటి ఉత్తరం తెల్లగా ఉంటుంది, మా నాయన 1975 నోటుపుస్తకం ముట్టుకుంటే పొడి అవుతుంది. ఎందుకప్పా?

దస్త్రాల_అక్క
1850లకి ముందు కాగితం ఎక్కువగా పాత నార, నూలు గుడ్డలు నలగ్గొట్టి చేసేవారు. తర్వాత కట్టె గుజ్జు వచ్చింది, అందులో ఆమ్లం దాన్నే తింటుంది. అయితే పాత ఉత్తరాలకి వేరే శత్రువు ఉంది. మాచికాయ, అన్నభేది కలిపి చేసిన నల్ల సిరా. రాసినప్పుడు నల్లగా, రానురాను గోధుమరంగుకి తిరిగి, గీత పడిన చోటల్లా కాగితాన్ని కొరికేస్తుంది. అలాంటి పేజీల్ని మడత పెట్టి విప్పకండి. తేమ తగిలితే ఇంకా తొందరగా కొరుకుతుంది.

ఈనో_ఒడ్డు
ఇప్పుడర్థమైంది. ఒక ఉత్తరంలో "ఓ" అక్షరాలన్నీ చిల్లులు పడున్నాయి. పురుగు అనుకున్నా.

ఇంకో చోద్యం. కొన్ని ఉత్తరాలు నిలువుగా రాసి, మళ్లీ అదే పేజీని అడ్డం తిప్పి దాని మీదే రాశారు. జల్లెడలా ఉంది. ఒకటి గోడకి అంటించే పూల కాగితం వెనక రాశారు.

దస్త్రాల_అక్క
కాగితం కరువు, తపాలా ఖర్చు. యుద్ధంలో దక్షిణాదికి కాగితం దొరకలేదు. 1863 జూలైలో విక్స్‌బర్గ్‌లో దినపత్రికనే గోడకాగితం వెనక అచ్చేశారు.  స్కాన్ చేసేటప్పుడు ఉత్తరాలకి 400 డీపీఐ (అంగుళానికి చుక్కలు), ఫోటోలకి 600, నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచండి. ఫోన్‌తో అయినా పర్లేదు, ఫ్లాష్ వెయ్యకుండా.

డల్లాస్_దొర
ఇదంతా బానే ఉంది కానీ, నాకో సందేహం. వాళ్ల తాతలు, వాళ్ల పాపాలు, వాళ్ల ట్రంకులు. మధ్యలో మనకెందుకు? రేపు ఆ మేనల్లుడు లాయర్ని పెడితే ఈ అబ్బాయి ఇరుక్కుంటాడు.

ఓరుగల్లు_పోరడు
మనకెందుకంటే చెప్తా ఇను. మా ముత్తాత ఒక దొర దగ్గర జీతం ఉన్నడు. అప్పు తీరలే, ఆయన తర్వాత మా తాతను పెట్టిన్రు. ఆయన ఎప్పుడు పుట్టిండు, అసలు పేరేంది, ఎంత అప్పుకు పోయిండు, మా ఇంట్ల ఒక్క కాగితం లేదు. ఉంటే ఆ దొర గడీల చిట్టాల ఉండాలె. ఆ గడీ ఇప్పుడు కూలిపోయింది, కాగితాలు ఏమైనయో ఎవ్వలికి తెల్వది. దొర మనుమండ్లకు అది చెత్త. మాకు అదొక్కటే ఆనవాలు. గా నాలుగు పేజీలు ఎవ్వలియి అంటే నేనైతే ఆ పేర్లున్నోళ్ల మనుమలయి అంట.

డల్లాస్_దొర
అన్నా, అది వేరే సంగతి.

నెల్లూరు_నెరజాణ
వేరే కాదు దొరగారూ, మీ హ్యాండిల్ మార్చుకోండి ముందు 😄

చరిత్ర_పిచ్చోడు
ఓరుగల్లు తమ్ముడు చెప్పింది నిజమే, కానీ రెంటినీ ఒకే గాటన కట్టొద్దు. వెట్టి, జీతగాడి అప్పు ఎంత ఘోరమైనా, చట్టం దృష్టిలో మనిషే ఆస్తి కాదు. ఇక్కడ మనిషిని గొడ్డులా కొన్నారు, అమ్మారు, వీలునామాలో కూతురికి కట్నంగా రాసిచ్చారు. తల్లి బానిసైతే బిడ్డ పుట్టుకతోనే బానిస. అందుకే ఆ పుస్తకంలో పసిపిల్లకి కూడా వెల ఉంది.

ఈ జాబితాకి ఎందుకంత విలువో కూడా చెప్తా. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసల కోసం వేరే పట్టికలు వేశారు. వాటిల్లో యజమాని పేరుంది, బానిస వయసు, ఆడా మగా, రంగు ఉన్నాయి. పేరు లేదు. పేరుతో సహా అందరినీ ఎక్కించింది 1870లో. నల్లజాతి కుటుంబాలు తమ వంశం వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే సరిగ్గా అక్కడ గోడకి తల తగిలినట్టు ఆగిపోతారు. ఆ గోడ దాటాలంటే దార్లు కొన్నే: వీలునామాలు, ఆస్తి పంపకాలు, అమ్మకం దస్తావేజులు, ఇదిగో ఇలాంటి ఇంటి లెక్కల పుస్తకాలు. బానిసలే రాసుకున్న ఉత్తరాలు ఉండొచ్చు కదా అంటారేమో. నార్త్ కరోలినాలో వాళ్లకి చదువు చెప్పడమే నేరమని 1830లోనే చట్టం చేశారు. దొరికేవి బహు తక్కువ.

ఓరుగల్లు_పోరడు
ఒకటే అని నేను అనలే అన్నా. కాగితం ఎవని చేతిల ఉంటదో వాడే ఉంచాల్నా కాల్చాల్నా అని తీర్పు చెప్తున్నడు. అది రెండు దిక్కులా ఒకటే.

చరిత్ర_పిచ్చోడు
ఆ మాటకి ఎదురు లేదు.

మోరిస్‌విల్_మామ
డర్హమ్‌కి పైన స్టాగ్‌విల్ అని పాత బానిసల ఎస్టేటు ఉంది కదా, చాలామంది తెలుగువాళ్లు ఆ పక్కనుంచే పోతుంటారు, ఆగరు. మా అమ్మాయి స్కూలు వాళ్లు తీసుకెళ్తే నేనూ పోయా. బెనెహాన్, కామెరన్ కుటుంబాలది. 1860 నాటికి దాదాపు 30,000 ఎకరాలు, 900 మంది బానిసలట. వాళ్లుండే రెండంతస్తుల చెక్క ఇళ్లు ఇంకా నిలబడే ఉన్నాయి. ఇటుకల్లో వేలి ముద్రలు చూపించారు.

దస్త్రాల_అక్క
ఆ కామెరన్ల కాగితాలు చాపెల్ హిల్‌లో యూనివర్సిటీ వాళ్ల విల్సన్ లైబ్రరీలో ఉన్నాయి, సదరన్ హిస్టారికల్ కలెక్షన్ అనే విభాగంలో. బానిసల కుటుంబాల వివరాలు, పుట్టుకల జాబితాలు వాటిల్లో దొరికాయి. పేర్లు తరం నుంచి తరానికి ఎలా పెట్టుకున్నారో, భార్యాభర్తలు ఎన్నేళ్లు కలిసున్నారో చరిత్రకారులు వాటి నుంచే పట్టుకున్నారు. కామెరన్లు ఆ లెక్కలు రాసుకుంది ఆస్తి లెక్క కోసం. తర్వాత పనికొచ్చింది వేరేవాళ్లకి.

ఆ విభాగాన్ని 1930లో హామిల్టన్ అనే చరిత్ర ప్రొఫెసరు మొదలుపెట్టాడు. కారేసుకుని దక్షిణాది ఊళ్లన్నీ తిరిగి, ఇళ్ల అటకల మీంచి కాగితాలు పట్టుకొచ్చేవాడు. జనం ఆయనకి "దోపిడీ హామిల్టన్" లాంటి ముద్దుపేరే పెట్టారు.

సీమ_రాళ్ళు
మా కడపలో బ్రౌన్ దొర చేసినట్టే. సొంత దుడ్డు పెట్టి, పండితులను కూచోబెట్టి, తాటాకు పుస్తకాలన్నీ రాయించినాడు.

చరిత్ర_పిచ్చోడు
ఒక తేడా ఉంది. హామిల్టన్ ఎక్కువగా తలుపు తట్టింది తెల్ల భూస్వాముల ఇళ్లే. ఆయన దృష్టిలో చరిత్ర వాళ్లదే. వాళ్ల కాగితాల్లోంచి మిగతావాళ్లని వెతికి తీసే పని తర్వాతి తరాలకి పడింది.

కరణం_మనవడు
ఈనో గారూ, కోర్టు సీలున్న కాగితాలన్నారు. అది జాగ్రత్త. మా తాత కరణం. ఊరి లెక్కలన్నీ మా ఇంట్లోనే ఉండేవి, అడంగళ్లు, శిస్తు లెక్కలు అన్నీ. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాల ఉద్యోగాలు తీసేసినప్పుడు "ఇవి మావి" అని తాత, "ఇవి సర్కారువి" అని తాలూకాఫీసు. ఇంట్లో ఉన్నంతమాత్రాన ఇంటివి అయిపోవు కదా. చివరికి బళ్ల మీద పోయాయి. కొన్ని అటక మీద మిగిలిపోయి చెదలకి పోయాయి. అక్కడ రూలేంటో కనుక్కోండి.

దస్త్రాల_అక్క
భలే పాయింటు పట్టారు. నార్త్ కరోలినా ఈ విషయంలో బాగా గట్టి. 1767, 1768 నాటి రెండు కోర్టు అభియోగ పత్రాలు, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన విలియం హూపర్ సంతకం ఉన్నవి, ఒక పాత సంతకాల వ్యాపారి వేలంలో కొన్నాడు. రాష్ట్రం దావా వేసి 1977లో గెలిచింది. ప్రభుత్వ దస్త్రం ఎన్నేళ్లు ఎవరింట్లో ఉన్నా ప్రభుత్వానిదేనంది రాష్ట్ర సుప్రీంకోర్టు. ఇంకో పెద్ద కథ, బిల్ ఆఫ్ రైట్స్‌లో (అమెరికా రాజ్యాంగంలోని పౌరహక్కుల పత్రం) ఈ రాష్ట్రానికి చెందిన ప్రతి. 1865లో యూనియన్ (ఉత్తరాది) సైనికుడొకడు రాలీలో కాజేసి పట్టుకుపోయాడు. 2003లో ఎఫ్‌బీఐ కొనుగోలుదార్ల వేషంలో వల పన్ని ఫిలడెల్ఫియాలో పట్టుకుంది.

మీ కాగితాల్లో వీలునామా నకళ్లు, కేసులో ఉన్నవాళ్లకిచ్చిన ప్రతులు ఇంటివే అయ్యుండొచ్చు. కోర్టు ఫైల్లోంచి వచ్చిన అసలు ప్రతులైతే అమ్మకానికి పెట్టకండి. రాష్ట్ర ఆర్కైవ్స్ (పాత దస్త్రాల కార్యాలయం) వాళ్లకి చూపిస్తే తేలుస్తారు.

డల్లాస్_దొర
సరే, ఎఫ్‌బీఐ అన్నాక నేను వెనక్కి తగ్గాను. అయితే ఒక్కటి చెప్పండి. ఊరికే ఇచ్చేస్తే మామ్మకి ఏం లాభం?

టాక్స్_తంటా
విరాళంగా లెక్కలో చూపించుకోవచ్చు. విలువ 5,000 డాలర్లు దాటితే అర్హత ఉన్న మదింపుదారు చేత విలువ కట్టించాలి. తీసుకునే లైబ్రరీయే విలువ కట్టడం కుదరదు. ఆ వయసులో ఆవిడ ఆదాయానికి అది ఎంత పనికొస్తుందో ఆవిడ లెక్కలవాడిని అడగాలి. ఇంకోటి, కాగితం ఇచ్చినంతమాత్రాన కాపీరైటు పోదు. ఉత్తరం హక్కు రాసినవాళ్లది, వాళ్ల వారసులది. రాసినవాళ్లు పోయి 70 ఏళ్లు దాటితే ఆ గొడవ ఉండదు. కాబట్టి యుద్ధం నాటివాటికి బెంగ లేదు, 1960ల ఉత్తరాలుంటే ఒప్పందంలో రాయించుకోండి.

దస్త్రాల_అక్క
విరాళ పత్రంలో షరతులు కూడా పెట్టుకోవచ్చు. బతికున్నవాళ్ల ఆరోగ్యం, కాపురం విషయాలుంటే కొన్నేళ్లు మూసి ఉంచమనొచ్చు. స్కాన్ కాపీలు కుటుంబానికి ఇమ్మనొచ్చు. ఆ లెక్కల పుస్తకాన్ని మూసి ఉంచమంటే మాత్రం నేనైతే వాదిస్తాను. గ్రీన్స్‌బరో యూనివర్సిటీ వాళ్లు రాష్ట్రంలోని చాలా కౌంటీల బానిసల దస్తావేజుల్ని ఒకచోట ఆన్‌లైన్‌లో పెడుతున్నారు. అక్కడి పేర్లతో మీ నాలుగు పేజీల పేర్లు కలిస్తే ఎవరికో ఒక తల్లి దొరుకుతుంది. ఒక్కో ఉత్తరం ఒక్కో కలెక్టరుకి అమ్మేస్తే ఆ కలవడం ఇక జరగదు.

గోదారి_గట్టు
మేనల్లుడి మాట? సిగ్గుపడుతున్నాడా, డబ్బు కోసమా?

ఈనో_ఒడ్డు
నిన్న ఆదివారం అతనూ వచ్చాడు. నేను అనుకున్నంత చెడ్డవాడు కాదు. అతని పిల్లలు అట్లాంటాలో చదివే బడిలో సగంమంది నల్లపిల్లలే. ఇంటిపేరు బయటపడితే వాళ్ల ముఖం ఎలా చూస్తారని బెంగ. జార్జ్‌టౌన్ యూనివర్సిటీ సంగతి చూపించాను. 1838లో దాన్ని నడిపే జెసూట్ పాదిరీలు 272 మందిని అమ్మిన కాగితాలు వాళ్ల దగ్గరే ఉన్నాయి, ఆ పేర్ల నుంచి ఇప్పటి వారసుల్ని వెతికి పట్టుకున్నారు. చాలాసేపు చదివాడు. ఒప్పుకున్నానని అనలేదు. "పుస్తకం మా అత్తది, ఆవిడ ఇష్టం" అని వెళ్లిపోయాడు. కాన్ఫెడరేట్ నోట్లు మాత్రం జేబులో వేసుకున్నాడు 😀

మామ్మ అప్పుడు నోరు విప్పింది. ఆ పేర్లలో ఒక పేరు వాళ్లమ్మని చిన్నప్పుడు పెంచిన ఆయా వాళ్ల అమ్మమ్మదట. ఆ ఆయా వాళ్లు ఇంకా ఈ కౌంటీలోనే ఉన్నారట, చర్చిలో అప్పుడప్పుడు కనిపిస్తారట. ఆవిడకి ఇదంతా ముందునుంచీ తెలుసు. లైబ్రరీవాళ్లు వచ్చేలోపు ఆ నాలుగు పేజీల ఫోటోలు ముందు ఆ ఆయా కుటుంబానికివ్వాలని ఆవిడ పట్టు. నేను కారులో తీసుకెళ్లాలట.

ఓరుగల్లు_పోరడు
తప్పకుండ తీస్కపో అన్నా.

చరిత్ర_పిచ్చోడు
మామ్మ మాటలు ఫోన్‌లో రికార్డు చెయ్యండి, ఆవిడని అడిగి. ఏ ఆయా, ఏ ఊరు, ఎవరికి ఎవరు. కాగితంలో లేని సగం ఆవిడ దగ్గరే ఉంది, హోమ్‌కి వెళ్లాక ఎవరూ అడగరు.

నెల్లూరు_నెరజాణ
వంటల పుస్తకం ఎవరికి?

ఈనో_ఒడ్డు
అది స్కాన్ చేసి అసలు ఆవిడ దగ్గరే ఉంచుతామన్నాం. అందులో పీచ్ పండ్ల ఊరగాయ ఉంది, ఆవాలు, మిరియాలు వేసి. మా ఆవిడ ఈసారి పెడతానంటోంది.

విజయవాడ_వేడి
టాపిక్ కొంచెం పక్కకి. మా నాన్న దుబాయ్ నుంచి రాసిన ఉత్తరాలు అమ్మ దగ్గర సంచి నిండా ఉన్నాయి. మడతల దగ్గర చిరిగిపోతున్నాయి. నీలం పెన్ను సిరా. అంటించొచ్చా?

దస్త్రాల_అక్క
ఆ సిరా తడికి పారిపోతుంది, కాబట్టి ముందు మీరేమీ అంటించకండి. మడత విప్పి, పరిచి, ఒక్కోటి ఒక్కో ఫోల్డర్లో పెడితే చిరుగు పెరగదు. తర్వాత స్కాన్. మరీ విడిపోయినవాటికి పల్చటి జపాన్ కాగితం, గోధుమ గంజి వాడతారు, అదీ తెలిసినవాళ్ల చేత.

విజయవాడ_వేడి
గోధుమ గంజి అంటే మైదా ఉడికించి చేసే జిగురేనా? మా ఇంట్లో సినిమా పోస్టర్లకి చేసేవాళ్లం.

దస్త్రాల_అక్క
కాదు. పిండిలోంచి బంకంతా కడిగేశాక మిగిలే తెల్లటి గంజిపొడి. మైదా జిగురు పెడితే బొద్దింకలకి పెళ్లి భోజనమే.